తిమ్ బాబాయ్ ఈత పరీక్ష

గుర్రపుడెక్క దుబ్బును లాగేటప్పుడు గన్‌తిమ్ ఎప్పుడూ నీళ్ళ మీదికి వంగడు. మోకాళ్ళు రెండూ పడవ అంచుకు ఆనించి, నడుము వెనక్కి పెట్టి, చేతుల్ని మాత్రమే చాస్తాడు. పొడుగు కర్రకు కట్టిన వల దుబ్బు కిందికి వెళ్ళి, ఒక్కసారి మెలి తిరిగి, వేళ్ళతో సహా దాన్ని పైకి తెస్తుంది. నీళ్ళు కారేదాకా ఆగి పడవలో కుమ్మరిస్తాడు. ఆ ఉదయం వలలో డెక్కతో పాటు ఒక పాల డబ్బా, ఎవరిదో ఎడమకాలి చెప్పు వచ్చాయి. చెప్పు బాగానే ఉంది. కడిగి ముందు పలక మీద ఆరబెట్టాడు. కుడిది ఎల్లుండి లోపు తప్పకుండా దొరుకుతుంది. సా-చుంగ్ కాలువలో పడినవేవీ ఎక్కడికీ పోవు. ఆటుకు సముద్రం వైపు వెళ్ళి, పోటుకు మళ్ళీ ఊరి దగ్గరికే వస్తాయి.

అతనికి అరవై దాటాయి. పొట్టి మనిషి, పిక్కలు మాత్రం వెదురు మొదళ్ళలా గట్టివి. పాదాలు వెడల్పు. ఏళ్ళ తరబడి ఊగే చెక్కల మీద నిలబడడంతో వేళ్ళు విడివిడిగా పరుచుకుపోయాయి. వంతెన కట్టక ముందు ఇదే కాలువ మీద మనుషుల్ని దాటించేవాడు. వంతెన వచ్చాక టౌన్‌షిప్ ఆఫీసు వాళ్ళు చెత్త తీసే పని ఇచ్చారు. ఏడాదిలో మిగతా రోజులన్నీ అతను చెత్త పడవ తిమ్. నాలుగో చంద్ర మాసంలో చెక్క పాడవకుండా చెరువు బురదలో పాతి ఉంచిన ఊరి డ్రాగన్ పడవను పైకి తీసినప్పటి నుంచి ఐదో నెల పందెం దాకా మాత్రం సరంగు. పడవ వెనక కొస మీద నిలబడి చుక్కాని తెడ్డు పట్టేవాడు. ముందు డప్పు కొట్టే బీవ్ కంటే, మధ్యలో తెడ్లు వేసే కుర్రాళ్ళ కంటే ఊళ్ళో ముసలమ్మలు ముందుగా పలకరించేది అతన్నే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ చోటు అతనిదే.

ఆ సరంగుకు ఈత రాదు.

ఈ సంగతి తెలిసినది ఒక్క పెళ్ళానికే. ఇన్నాళ్ళు ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. నీళ్ళ మీద బతికేవాడికి ఈత వచ్చా అని ఎవరడుగుతారు? ఈ ఏడు మాత్రం పందెం కమిటీ కొత్త నియమం పెట్టింది. పడవ ఎక్కే ప్రతివాడూ బట్టలతో, లైఫ్ జాకెట్ లేకుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈది చూపించాలి. ఆ పరీక్ష ఈ రోజే. పందెం రేపు.

“ఏయ్, గంజి చల్లారిపోతోంది!” గట్టు మెట్ల మీద నుంచి సేయ్‌మూయ్ కేక వేసింది.

పడవ మెట్లకు తాకించి గిన్నె అందుకున్నాడు. చేపముక్కల గంజి, పైన అల్లం తురుము. సేయ్‌మూయ్ పడవలోనే పుట్టి, పదిహేనేళ్ళ దాకా పడవలోనే పెరిగిన మనిషి. నడక రాక ముందే ఈత వచ్చింది. నెల రోజులుగా చీకటి పడే వేళ బొచ్చె చేపల చెరువులో మొగుడికి ఈత నేర్పుతోంది. చేపలకు మేత వేస్తున్నామని ఊళ్ళో చెప్పారు. నెలంతా కష్టపడితే అతనికి వచ్చినది వెల్లకిలా తేలడం ఒక్కటే. అది కూడా ఆమె చెయ్యి వీపు కింద ఉన్నంత సేపే.

“బీవ్‌తో చెప్పేశావా?”

“పందెం అయ్యాక చెప్తా.”

“పందెం అయ్యాక చెప్పడానికి నువ్వు మిగలొద్దూ?”

“పొద్దున్నే ఆ మాటలేంటే? పరీక్షకి ఓ ఉపాయం ఆలోచించాలే.”

“నీ ఉపాయాలు నాకు తెలియనివా? పెళ్ళిచూపులకి ఎత్తు చెప్పుల్లో వచ్చిన మనిషివి.”

గన్‌తిమ్ గంజి గిన్నెలోకి చూస్తూ నవ్వాడు.

కమిటీ తరఫున వచ్చినావిడ నగరంలో ఈత నేర్పే మనిషి. మెడలో ఈల, తలకు టోపీ, కళ్ళలో దయ. కుర్రాళ్ళు ఒక్కొక్కరే దూకి చేపల్లా అవతలి గట్టుకు చేరుతున్నారు. డప్పు బీవ్ బజారులో చేపలమ్మేవాడు, బొజ్జ మనిషి. అతను దూకితే మెట్లన్నీ తడిసి ఆడవాళ్ళు తిట్టారు.

“తిమ్ బాబాయ్, నీ వంతు!” అని కుర్రాళ్ళు పిలిచారు.

“సరంగు చివరే కదరా దిగేది. కానివ్వండి.”

అది ఊరి పద్ధతే. పడవ ఎక్కడంలోనైనా, దిగడంలోనైనా సరంగు చివరివాడు. కనుక ఎవరూ ఏమీ అనుకోలేదు. కాలువలో నీరు ఆటుకు దిగుతోందని, చాకిరేవు మెట్ల ఎదుట పాత రేవు రాళ్ళ మీద బురద మేట వేసి అవతలి ఒడ్డుదాకా గట్టులా ఉందని రోజూ గడకర్రతో పొడిచి చూసుకునే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ అవతలికి చేరాక అతను నాలుగు అడుగులు పక్కకు జరిగి, సరిగ్గా ఆ మెట్ల దగ్గర నీళ్ళలోకి దిగాడు. దూకలేదు. పెళ్ళికొడుకు పీట మీద కూర్చున్నంత నెమ్మదిగా దిగాడు.

తరువాత చేతులు ఈత మొదలుపెట్టాయి. కప్పలా ముందుకు చాస్తాయి, పక్కలకు విడిపోతాయి, మళ్ళీ రొమ్ము దగ్గరకు వస్తాయి. చేతుల్ని అలా ఆడించడం సేయ్‌మూయ్ నేర్పినదే. నీటి కింద కాళ్ళు మాత్రం బురద మేట మీద ఒక్కొక్క అడుగే వేస్తూ నడుస్తున్నాయి. కాలువ మధ్యలో నీరు గడ్డం దాకా వచ్చింది. మునివేళ్ళ మీద లేచి, మెడ చాచి, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ నాలుగు అడుగులూ దాటాడు.

“చూడండ్రా! జుట్టు తడవకుండా ఈదుతున్నాడు!” అన్నాడు చివరి బల్ల మీద తెడ్డు వేసే జున్‌హౌ. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఎంత నెమ్మదైన ఈత! ఒక్క చుక్క చిందలేదు. మీరు కూడా ఇలా నేర్చుకోవాలి,” అంది కమిటీ ఆవిడ కుర్రాళ్ళతో.

ఇవతలి మెట్ల మీద సేయ్‌మూయ్ వెదురు టోపీని ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా, మొగుడు వెళ్ళిన దారి పొడుగునా, నీటి అడుగు నుంచి బురద రేగి గోధుమరంగు గీతలా పైకి తేలుతోంది. ఈదేవాడి వెనక అలాంటి గీత ఉండదు. టోపీ వెనక ఆమె భుజాలు కదిలాయి.

మధ్యాహ్నం ఊరి హాల్లో భోజనాలు. వెదురాకు పొట్లాల్లో ఉడికిన జిగురు అన్నం, ఆవిరి మీద ఉడికించిన పెద్ద చేప, ముల్లంగి ఊరగాయ. కమిటీ ఆవిడ చేప పైవైపు కండ తిని, రెండో వైపు కోసం చాప్‌స్టిక్స్‌తో దాన్ని తిప్పబోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. బీవ్ ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాడు.

“తిప్పకండి మేడమ్! పళ్ళెంలో చేపని తిప్పితే నీళ్ళలో పడవ తిరుగుతుంది. ముల్లు తీసి కింద కండ తినండి.”

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. “నేనేమో భోజనాలయ్యాక సాధన కోసం పడవ బోల్తా…”

ఈసారి ఇద్దరు దగ్గారు, ఒకరు చెంపలు వేసుకున్నారు.

“ఆ మాట అన్నం దగ్గరొద్దు,” అన్నాడు బీవ్. “పడవ పక్కకి పడుకుంటుంది అనండి చాలు.”

“సరే, పడుకుంటుంది,” అంది ఆవిడ నవ్వాపుకుంటూ. “పడుకున్నప్పుడు ఎవరూ గట్టుకి ఈదకూడదు. పడవని పట్టుకునే ఉండాలి. మీ బల్ల మీద మీ జోడీ వాడు తేలాడో లేదో ముందు చూడాలి. తర్వాత డప్పు దగ్గర్నుంచి వరసగా సంఖ్యలు పలకాలి. సరంగు అన్నీ విని, అందరూ ఉన్నారని తేలితే చుక్కాని తెడ్డు పైకెత్తాలి. తెడ్డు లేచేదాకా ఎవరూ పడవ వదలకూడదు.”

“మా బాబాయ్ ఉండగా భయమేముంది?” అంటూ జున్‌హౌ చేప బుగ్గ కండ తీసి గన్‌తిమ్ గిన్నెలో వేశాడు. అది పెద్దవాళ్ళకు ఇచ్చే ముక్క. గన్‌తిమ్ దాన్ని చాలాసేపు నమిలాడు.

బురదలోంచి పూజ చేసి తీసిన ఊరి పడవను కావాలని పడేయడానికి ముసలివాళ్ళు ఒప్పుకోలేదు. కమిటీ వాళ్ళు తెచ్చిన తేలిక పడవ ఎక్కారు. సేయ్‌మూయ్ మొగుడి లైఫ్ జాకెట్ పట్టీలు బిగించింది. తొడల మధ్య పట్టీ కూడా వదలలేదు.

“ఇప్పుడైనా చెప్పు,” అంది మెల్లగా.

“జాకెట్ ఉందిగా.”

“జాకెట్ నిన్ను తేలుస్తుంది. లెక్కపెట్టేది జాకెట్ కాదు.”

అతను చివరివాడిగా పడవ ఎక్కాడు.

కాలువ వెడల్పైన చోట ఈల మోగింది. అందరూ ఎడమవైపు ఒరిగారు. ఆకాశం పక్కకు తిరిగింది, ఆ వెంటనే ముక్కులోకి, చెవుల్లోకి పచ్చటి నీరు వచ్చింది. జాకెట్ అతన్ని పైకి విసిరింది. చేతిలో తెడ్డు లేదు. పడవ ఎటుందో తెలియలేదు. కాళ్ళ కింద బురద కోసం వెతికాడు. బురద లేదు, రాయి లేదు, ఏమీ లేదు. అరవై ఏళ్ళుగా అతను తప్పించుకు తిరిగినది ఆ ఏమీ లేకపోవడమే.

దూరంగా సంఖ్యలు వినిపిస్తున్నాయి. బీవ్ గొంతు, ఆ తరువాత ఒక్కొక్కటీ, చివరగా జున్‌హౌది. తిరగబడిన పడవను పట్టుకుని ఊరి మగాళ్ళందరూ, చెప్పినట్టే, తెడ్డు లేవడం కోసం చూస్తున్నారు. తెడ్డు ఒంటరిగా సముద్రం వైపు పోతోంది.

“బాబాయ్!” జున్‌హౌ పడవ వదిలి వచ్చేశాడు. గన్‌తిమ్ చేతికి మెడ దొరికింది. దొరికిన మెడను వదలలేదు. దాన్ని నీళ్ళలోకి తొక్కి తను పైకి లేవాలని చూశాడు. కుర్రాడు ఒకసారి మునిగాడు, మళ్ళీ మునిగాడు.

“వదులు వాణ్ణి!” గట్టు మీద నుంచి సేయ్‌మూయ్ గొంతు కాలువంతా మోగింది. “చెరువులో పడుకున్నట్టు పడుకో! నా చెయ్యి నీ వీపు కిందే ఉంది, పడుకో!”

అతను వేళ్ళు విడిచాడు. వెనక్కి వాలాడు. చెవులు నీళ్ళలో మునిగాయి, ముఖం మీద ఎండ పడింది. వీపు కింద చెయ్యి లేదు. అయినా తేలాడు.

రక్షణ పడవ ఇద్దర్నీ గట్టుకు చేర్చింది. జున్‌హౌ దగ్గి, ఉమ్మి, చివరకు నవ్వాడు. “ఏం పట్టు బాబాయ్ నీది! పిన్ని ఎలా తట్టుకుంటోందో!” అందరూ నవ్వారు. బీవ్ మాత్రం గన్‌తిమ్ పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు.

“పిక్క పట్టేసింది కదా బాబాయ్? కాస్త ఆగి ఇంకోసారి చేద్దాం. మేడమ్ ఒప్పుకుంటుంది.”

కమిటీ ఆవిడ తల ఊపింది. చేయవలసింది అవునని ఒక్క మాట అనడమే. రేపు వెనక కొస మీద నిలబడవచ్చు. గన్‌తిమ్ జున్‌హౌ మెడ వైపు చూశాడు. తన గోళ్ళు గీసిన చోట నాలుగు ఎర్రటి చారలు తేలి ఉన్నాయి.

“పిక్క కాదురా. నాకు ఈత రాదు.”

“పొద్దున్న ఈదావుగా?”

“నడిచాను.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక జున్‌హౌ గట్టు మీద పడి దొర్లాడు. కమిటీ ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని నవ్వాపుకోబోతే అది కీచుమంది. బీవ్ ఒక్కడే నవ్వలేదు.

“ఇన్నేళ్ళు నిన్ను నమ్మి మా పిల్లల్ని పడవెక్కించామా? మా ఆవిడ నన్ను పంపుతూ ఏమంటుందో తెలుసా నీకు? తిమ్ బాబాయ్ ఉన్నాడులే అంటుంది!”

“తప్పేరా. నా చోటు పోతుందని భయపడ్డాను.”

బీవ్ బొజ్జ మీద చేతులు పెట్టుకుని కాలువ వైపు తిరిగాడు. ఆ తరువాత అతని బొజ్జ కదలడం మొదలైంది.

“అందుకే కాబోలు! పక్కూళ్ళ పడవలన్నీ ఒక్కసారైనా పడుకున్నాయి. మనది ఎప్పుడూ పడుకోలేదు. మాకు గెలుపు మీద కన్ను, ఈయనకి ప్రాణం మీద!”

సాయంత్రం పోటు వచ్చింది. ఊరి పడవను ఆఖరి సాధనకు దింపారు. గన్‌తిమ్ పోటుకు తిరిగొచ్చిన తెడ్డును తుడిచి జున్‌హౌ చేతిలో పెట్టాడు.

“నీళ్ళని చూడకు, వాటిని చూస్తే అవే లాగుతాయి. ముందున్న వీపుల్ని చూడు. లిచీ తోట మలుపులో బీవ్ తొందరపెడతాడు, వినకు.”

“నీకెలా తెలుస్తుంది బాబాయ్, ఎటు ఒరుగుతోందో?”

“భయమేస్తుంది.”

జున్‌హౌ తెడ్డు భుజాన పెట్టుకుని అందరూ ఎక్కేదాకా ఆగాడు. చివరివాడిగా ఎక్కాడు. గన్‌తిమ్ మెట్ల మీద పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ పడవను గట్టు మీద నుంచి చూడడం ఇదే మొదలు. ఇంత పొడుగు ఉంటుందనుకోలేదు. సేయ్‌మూయ్ లిచీ వలిచి నోట్లో పెట్టింది.

“రేపు పందెం అవగానే చెరువుకి.”

“పందెం విందు తినొద్దా?”

“తిన్నాకే. బరువుంటే నువ్వు మునుగుతావు, నేర్చుకోవడానికి అదే బాగుంటుంది.”

అతను గింజ ఉమ్మి గట్టిగా నవ్వాడు. డప్పు మోగింది. తెడ్లన్నీ ఒక్కసారి నీళ్ళలో పడ్డాయి. పడవ వాళ్ళ ముందు నుంచే కదిలింది. వెనక కొస చెక్క మీద గన్‌తిమ్ పాదాలు ఆనిన మేర ఎర్ర రంగు అరిగిపోయి, వెడల్పాటి రెండు గుర్తులు పడి ఉన్నాయి. వేళ్ళు సైతం విడివిడిగా తెలుస్తున్నాయి. కుర్రాడు కాళ్ళు బాగా ఎడం చేసి వాటికి అటొకటి ఇటొకటి నిలబడ్డాడు. మధ్యలో, తెడ్డు చిందించిన నీరు నిండి, ఆ రెండు ఖాళీ పాదాలు మలుపు దాకా మెరుస్తూ వెళ్ళాయి.