ఉప్పు గోదాముకు పెళ్లిచూపులు

ఫోన్ వచ్చేసరికి సాయిప్రియ గోదాము గడప మీద కూర్చుని మొగుడి చేతిలో ఉన్న మిరపకాయ బజ్జీని కొరుకుతోంది. ఉదయ్ భాస్కర్ ఎడంచేత్తో ఫోనెత్తి, "అవ్ సార్, అవ్ సార్" అని పెట్టేశాడు.

"నువ్వు పంపిన ఫోటోలు పనిజేసినయ్. మన గోదామును పురావస్తు శాఖోళ్లు పాత కట్టడాల కింద తీసుకుంటరంట. సోమవారం చూసిపోనికి వస్తున్నరు. నచ్చితే వాళ్లే బాగుచేయిస్తరంట."

సాయిప్రియ ఆ మిగిలిన బజ్జీ కూడా లాక్కుని తినేసింది. సంతోషం కలిగితే ఆమెకు ఆకలేస్తుంది. పెళ్లికొచ్చిన చుట్టాలు ఇంకా కదలని ఆ ఇంట్లో, కొత్త దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకునే చోటు ఇదొక్కటే. గోదావరి వైపు ఒక తలుపు, ఊరి వైపు ఒక తలుపు; రెండూ తీస్తే ఏటిగాలి ఇటు దూరి అటు పోతుంది. పడవల్లో ఉప్పు దిగిన కాలంలో, నెత్తిన బస్తా ఉన్న మనిషి వంగకుండా రావాలని ద్వారాలు అంతెత్తున కట్టారు. గోడల అడుగున వరుసగా కన్నాలు. వరద నీళ్లు వాటిలోంచి లోపలికొచ్చి, వరద తీశాక వాటిలోంచే పోతాయి, గోడను తొయ్యవు. ఇదంతా ఆమె పెళ్లయిన వారానికే మొగుడికి విడమరిచి చెప్పింది. కొత్త మొగుడు కనుక శ్రద్ధగా విన్నాడు.

మామగారు పిచ్చయ్యకు మాత్రం అది నిన్నటిదాకా ఎలుకల కొంప. కూలగొట్టి ఫంక్షన్ హాలు కడదామని జేసీబీ అతనికి మాట కూడా ఇచ్చాడు. కబురు తెలిసిన గంటకల్లా ఆయనలో వంశగౌరవం నిద్రలేచింది.

"మా తాత కట్టిచ్చిండు. ఏమనుకున్నవ్, మామూలు మనిషి కాదు" అని ఫోన్లో ఖమ్మం చుట్టాలందరికీ చెప్పాడు.

"కట్టియ్యలే, వేలంలో కొన్నడు" అని అత్తగారు నిర్మలాదేవి వంటింట్లోంచి అన్నది ఆయనకు వినబడలేదు. ఆయనకు వినబడనివి చాలా ఉంటాయి.

సాయంత్రానికి సిమెంటు బస్తాలు దిగాయి. మర్నాటి నుంచి చేయించబోయే పనులు పిచ్చయ్య వేళ్ల మీద లెక్కపెట్టాడు: గోడలకు పూత, పూత మీద ఎర్రరంగుతో ఇటుకల గీతలు, నేలకు మెరిసే టైల్స్, కన్నాలన్నీ మూత, ద్వారానికి అటొకటి ఇటొకటి ఏనుగు బొమ్మ.

"మామయ్యా, లోపల ఉన్నవి ఇటుకలే కదా. వాటిని కప్పి మళ్లీ ఇటుకలు గీయడం ఎందుకండీ?"

"అవి పాతయి తల్లీ. పెద్ద సార్లొస్తుంటే పాతయి చూపిస్తమా?"

తన పెళ్లిచూపుల నాడు మేనత్త పూసిన పౌడరు సాయిప్రియకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి గోదాము బతికింది. ఇప్పుడు దాని మీద ప్రేమ పుట్టింది; ఇక బతకడం కష్టం. సోమవారం ఆ సార్లు సిమెంటును చూసి తిరుగుముఖం పడితే, మంగళవారం జేసీబీ వస్తుంది.

మొగుడి వైపు చూసింది. అతడు ఏనుగులు పెట్టబోయే చోటును దీక్షగా చూస్తున్నాడు.

"మీ ఇష్టం మామయ్యా. కాకపోతే పక్కూరి సీతయ్యగారి పొగాకు కొట్టం కూడా చూస్తారేమో. మనది తళతళా మెరుస్తుంటే, వాళ్లదే పాతదని రాసుకుపోతారు."

పిచ్చయ్య చేతిలోని టీ గ్లాసు ఆగింది.

"ఏందీ? సీతయ్య కొట్టం మనదానికన్న పాతదా? నా చిన్నప్పుడు నా కండ్లముందే కట్టిన్రు."

"ఆ సంగతి మనకు తెలుసు. వాళ్లు గోడ చూసే కదండీ చెప్పేది."

ఆయన లేచి గోదాము చుట్టూ తిరిగొచ్చాడు. గొంతు తగ్గించి కోడలిని అడిగాడు.

"పగుళ్లు ఇంకో నాలుగు కొట్టిద్దామా, గట్టిగ పాతగుంటది?"

సాయిప్రియ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిర్మలాదేవి గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఉన్న పగుళ్లు చాలు. రేపు పొద్దున్నే గోదాము ఖాళీ చేస్తున్నం. మీరు ఓడిపోయిన సర్పంచి ఎలక్షన్ల ఫ్లెక్సీలు, విరిగిన కూలర్లు, అన్నీ బయటికి. కన్నాలల్ల మట్టి నేనూ కోడలూ తీస్తం, చుట్టాలు మోస్తరు. మీరు మాత్రం అటు రాకుండ్రి. ఆ సిమెంటు వాపసిచ్చి రండి."