ఓడినోడు కట్టాలె

కావాలని ఓడిపోవడం చిటికెలో పని అనుకునేవాళ్లు ఒక్కసారి ఓడి చూడాలి. గెలవడానికైతే ఆట వస్తే చాలు. ఎదుటివాడికి అనుమానం రాకుండా, పక్కన నిలబడి చూసేవాళ్లకు నవ్వు రాకుండా, చివరి నిమిషం దాకా చెమటలు పట్టించి మరీ ఓడాలంటే ఎంత నేర్పు కావాలో ప్రణీత్‌ని అడగండి. రెండేళ్లుగా వాడు చేస్తున్న పని అదే.

తార్నాకలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, జిరాక్సు షాపు పక్కనున్న మెట్లెక్కితే ఉప్పలయ్య గేమ్ పార్లర్. నాలుగు టీవీలు, నాలుగు మిషన్లు, చిరిగిన సోఫాలు. అక్కడ అందరూ ఆడేది ఫుట్‌బాలే. ఇద్దరు కూర్చుంటారు, పది నిమిషాల్లో ఆట తేలిపోతుంది, ఓడినవాడు ఇద్దరి డబ్బులూ కడతాడు. ఎవరు పెట్టారో ఏమో గానీ ఆ పార్లర్‌లో ఆ నియమానికి తిరుగులేదు. ఆట ముగిసిన చప్పుడు వినబడగానే ఉప్పలయ్య కుర్చీలోంచి లేవకుండానే "ఓడినోడు కట్టాలె" అని కేకేసేవాడు.

ప్రణీత్, నరహరి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నారు, ఒకే క్లాసు. ప్రణీత్‌ది హబ్సిగూడ. వాళ్ల నాన్న అచ్యుతరామయ్య తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి అక్కడే ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడ్డాడు. నరహరిది జనగామ దగ్గర పల్లె. తండ్రి కొమురెల్లిది వ్యవసాయం. బోరు వేయించడం, అది ఎండిపోవడం, అప్పు చేసి ఇంకోటి వేయించడం, ఆ ఇంట్లో ఎప్పుడూ ఇదే గోల. నరహరి క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడు.

వాణ్ని పార్లర్‌కి తీసుకెళ్లింది ప్రణీతే. మొదటి వారం చితక్కొట్టేశాడు. ఐదు సున్నా, ఆరు సున్నా. నరహరి నవ్వుతూనే జేబులోంచి తీసి కట్టాడు. ఆ శనివారం టిఫిన్ సెంటర్ దగ్గర ప్రణీత్ రెండు దోశలు చెప్పబోతుంటే, "నాకు వద్దురా, ఆకలైతలేదు" అని పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆకలి లేనివాడు పెనం వైపు అలా చూడడు. ప్రణీత్ తన దోశ సగంలోనే వదిలేశాడు.

పోనీ, నేను కడతాలే అనొచ్చు కదా? అంటే నరహరి పడే రకం కాదు. ఒక టీ తాగిస్తే మర్నాడు తిరిగి తాగించేదాకా వాడికి నిద్ర పట్టదు. అందుకని సోమవారం నుంచి ప్రణీత్ ఓడటం మొదలుపెట్టాడు. ఒక రోజు మూడు రెండు, ఒక రోజు రెండు ఒకటి. గెలిచే ఆటను ఆఖర్లో చేజార్చుకుని తల బాదుకునేవాడు. పెనాల్టీ వస్తే నరహరి తన గోల్‌కీపర్‌ని ఎప్పుడూ కుడికే దూకిస్తాడని తెలిసీ కుడికే కొట్టేవాడు. "అబ్బ, ఏం ఆడావురా!" అని ప్రణీత్ వాడి వీపు చరిచి, తనే లేచి వెళ్లి పది రూపాయలు కట్టొచ్చేవాడు. నరహరి ముఖం వెలిగిపోయేది. రానురాను వాడు మిగతా కుర్రాళ్లని కూడా ఓడించసాగాడు. వాడు మెట్లెక్కుతుంటే "చాంపియన్ వచ్చిండ్రో" అని అరిచేవాళ్లు.

ఇంతలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చింది. క్లాసులో ఎవరూ చెప్పకుండానే బెంచీలు రెండు వైపులుగా చీలిపోయాయి. నరహరి ర్యాలీలకు వెళ్లేవాడు, సభల్లో మాట్లాడేవాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు. క్లాసుకొస్తే మాత్రం తిన్నగా వచ్చి ప్రణీత్ పక్కనే కూర్చునేవాడు. "గా ఆంధ్రోనితోని నీకేం దోస్తీ బై?" అని ఒకడు అడిగితే, "రాష్ట్రం కావాలని అడుగుతున్న. దోస్తును ఇడిసిపెడ్తనని ఎవ్వలికీ మాటియ్యలే" అన్నాడు. ఆ మాట విన్న రోజు ప్రణీత్ ఇంటికెళ్లి బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాడు. ఆ క్యాంపస్ మొత్తంలో వాడికున్నది ఆ ఒక్కడే. ఆ ఒక్కడు చేజారకుండా ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు వాడికి.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. గనుల్లో బొగ్గు ఆగిపోయింది, దాంతో కరెంటూ పోతూ వస్తూ ఉంది. ఉప్పలయ్య జనరేటర్ తెచ్చుకున్నాడు. ఒక సాయంత్రం వీళ్లిద్దరూ మెట్లెక్కేసరికి గోడ మీద కొత్త కాగితం అంటించి ఉంది. ఆటకు ఇరవై ఐదు. నిన్నటిదాకా పది!

పార్లర్ భగ్గుమంది.

"ఏందే ఉప్పలన్నా, గింత అన్యాయమా?" అన్నాడు నరహరి. సభల్లో మాట్లాడి మాట్లాడి వాడు మామూలు మాట కూడా మైకు ముందు చెప్పినట్టే చెప్పేవాడు.

"అన్యాయం నాకు అయితున్నది తమ్మీ" అన్నాడు ఉప్పలయ్య. "పాత మిషన్ల కాపీ డిస్కు ఏస్తే నడుస్తుండె. వంద రూపాయలల్ల పనైపోతుండె. గీ కొత్త మిషన్ల ఒరిజినల్ ఏస్తేనే నడుస్తది. ఒక్క డిస్కు మూడు వేలు. ఇగ జనరేటర్‌ల డీజిల్ ఎవడు పోస్తడు, మీ అయ్యనా?"

"మూడు వేలు పెట్టేటంత ఏమున్నదే గా డిస్కుల? నిరుటి దానికి, ఈయేటి దానికి ఫరకేంది? బనీన్ల రంగు మారింది, నలుగురు ప్లేయర్లు ఇటోళ్లు అటు పోయిండ్రు. దానికి కంపెనోడు మళ్ల మూడు వేలు గుంజుతడు, నువ్వు తెచ్చి మా నెత్తిన రుద్దుతవు. ఆడేటోడు ఏం పాపం చేసిండు?"

"అయితే పాతదే పెడ్త. పదే తీస్కుంట. ఆడుతరా?" ఉప్పలయ్య అందరి వైపూ చూశాడు. "చెప్పున్రి. నిరుడు పాతది పెడితే, గిదేం డబ్బా డిస్కని పక్క సందుల పార్లర్‌కు పోయింది మీరు గాదా?"

ఆయన చెప్పిందీ నిజమే. నరహరి చెప్పిందీ నిజమే. అక్కడే వచ్చింది చిక్కంతా.

"సమ్మె అయిపోయినంక తగ్గిస్తవా?" అన్నాడు నరహరి.

"తగ్గియ్య. ఉన్న ముచ్చట చెప్తున్న."

"అట్లయితే ఎవ్వలం ఆడం. మళ్ల పది అయ్యేదాక గీ మెట్లెక్కం."

కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ప్రణీత్ మాత్రం కొట్టలేదు. క్లాసుల్లేవు, లైబ్రరీ లేదు, బయట రోడ్డు మీద ఇద్దరూ కలిసి నడిస్తే చూసేవాళ్ల చూపులే వేరు. వాళ్లకంటూ మిగిలింది ఈ సోఫా ఒక్కటే. అదీ పోతే?

"ఎందుకురా ఇదంతా?" అన్నాడు నరహరి చెయ్యి పట్టుకుని. "ఇరవై ఐదైతే ఇరవై ఐదు. నేను కడతాలే, కూర్చో."

నరహరి చెయ్యి విదిలించుకున్నాడు. అందరి ముందూ మాట తీసేసినట్టయింది వాడికి. "నువ్వు కడ్తవు. మీ ఆంధ్రోళ్లకేంరా, మీకున్నయి. లేనోడి బాధ మీకెట్ల తెలుస్తది?"

ఇంకెవడైనా అని ఉంటే ప్రణీత్ పట్టించుకునేవాడు కాదు. అన్నది నరహరి.

"లేనోడివా? ఆ మొదటి వారం తర్వాత నాతో ఆడి నువ్వు ఒక్కసారైనా కట్టావా? ఆ పెరిగిన ధర నాకురా, నీకు కాదు!"

"గెలిచినోడు ఎందుకు కడ్తడు?" అని నవ్వబోయాడు నరహరి.

"ఎవడు గెలిచాడు? నేను ఓడిపోతే నువ్వు గెలిచావు!"

అయ్యో ప్రణీత్! రెండేళ్లు కడుపులో దాచుకున్నవాడివి, ఇంకొక్క నిమిషం ఆగలేకపోయావా? అన్నాక నాలుక కరుచుకుంటే ఏం లాభం? నరహరి మెల్లగా ఉప్పలయ్య వైపు తిరిగాడు.

"నీకెరుకేనా అన్నా?"

ఉప్పలయ్య వంగి ఏదో వైరు సర్దుకోసాగాడు. అంతకన్నా చెప్పేదేముంది? నరహరి ఇంకెవరి వంకా చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే జవాబు లేదు. చప్పట్లు కొట్టిన కుర్రాళ్లు వారం తిరక్కుండానే ఒక్కొక్కరూ వచ్చి, సణుక్కుంటూ ఇరవై ఐదు కట్టి ఆడుకుంటున్నారు. రానిది నరహరి ఒక్కడే. ప్రణీత్‌కి అన్నం సయించలేదు. "అటు వెళ్లకు నాన్నా, టీవీలో గొడవలు చూస్తున్నావుగా" అని తల్లి పద్మావతి గుమ్మానికి అడ్డం నిలబడితే, "ఇప్పుడే వస్తానమ్మా" అని తప్పించుకుని హబ్సిగూడ నుంచి నరహరి హాస్టల్‌కి నడుచుకుంటూ బయల్దేరాడు.

సమ్మెలో భాగంగా తార్నాక చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం, సాంబారు వండి, పిల్లా పెద్దా అందరూ రోడ్డు మీదే బంతి కట్టి తింటున్నారు. నరహరి సాంబారు బకెట్‌తో వడ్డిస్తున్నాడు. ప్రణీత్ వెళ్లి బంతి చివర కూర్చున్నాడు. ఎవరో విస్తరి వేశారు, ఇంకెవరో అన్నం పెట్టారు. నరహరి వచ్చి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అందరికీ పోసినట్టే సాంబారు పోశాడు.

"పెరుగొస్తది, కూసో" అని ముందుకెళ్లిపోయాడు.

తిట్టినా బాగుండేది. తల వంచుకుని తింటుంటే ప్రణీత్ కన్నీళ్లు విస్తట్లో పడ్డాయి. చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర నరహరి కోసం కాచుకుని నిలబడ్డాడు.

"సారీరా."

"దేనికి? ఓడినందుకా?"

"డబ్బుల్లేక నువ్వు రావడం మానేస్తావని భయమేసింది. నువ్వు రాకపోతే నాకెవరున్నార్రా?"

నరహరి బకెట్ కింద పెట్టాడు. "పైసల్లేవని తెలిస్తే ఆడుడు బంద్ పెట్టి మెట్ల మీద కూసొని ముచ్చట పెడుతుంటిమి గదరా. గింత నాటకమెందుకు? నన్ను ఇక్కడ చాంపియన్ అంటరని మా నాయినకు ఫోన్ల చెప్పిన. గా ఆట ఏందో గూడ తెల్వదు మా నాయినకు. అయినా మస్తు మురిసిండు. ఇప్పుడు వేరేటోళ్లతోని గెలిచింది గూడ నాకు అనుమానంగనే ఉన్నది. ఎవడు ఆడిండో, ఎవడు జాలిపడ్డడో నాకేం తెలుసు?"

నరహరి డ్రమ్ములోంచి నీళ్లు ముంచి చేతులు కడుక్కున్నాడు.

"ఒక్క ఆట ఆడుదాం పా. నిజంగ. నన్ను ఓడగొట్టు. ఇరవై ఐదు నేను కడ్త. దాంతోని సాఫ్. మళ్ల ఎప్పటి లెక్కనే ఉందాం."

ప్రణీత్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా? గెలిస్తే చాలా? వాడు కోరుకున్నది నా గెలుపైతే ఐదు గోల్స్ వేసి మరీ ఇస్తాను అనుకున్నాడు. ఇద్దరూ సందులోకి నడిచారు. ముందూ వెనకా కాదు, పక్కపక్కనే. మెట్ల మీద నరహరి భుజం తగిలితే ప్రణీత్‌కి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం.

ఉప్పలయ్య వాళ్లని చూసి కుర్చీలోంచి లేచాడు. చివరి టీవీ ఖాళీ చేయించి ఆట పెట్టాడు.

మొదటి గోల్ ప్రణీత్‌దే. పళ్లు బిగబట్టి కొట్టాడు. నరహరి ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. ఆ తర్వాత ఏమైందో ప్రణీత్‌కే అర్థం కాలేదు. నరహరి దారులన్నీ మూసేశాడు. పాస్ ఇవ్వబోతే అక్కడే ఉన్నాడు, పక్క నుంచి పోబోతే అక్కడే ఉన్నాడు. రెండేళ్లు వాడు గెలవడానికే ఆడాడు మరి. రెండేళ్లు వీడు ఓడటం తప్ప ఏం సాధన చేశాడు? ఒకటి ఒకటి అయింది. రెండు ఒకటి అయింది. ప్రణీత్ అరచేతులు చెమటకు జారిపోతున్నాయి. దేవుడా, ఈ ఒక్కటి, ఈ ఒక్క ఆట అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాడు.

ఆఖరి నిమిషంలో పెనాల్టీ వచ్చింది. ఎడమకు కొట్టాలి. ఎడమకు, ఎడమకు అనుకుంటూనే మీట నొక్కాడు. బొటనవేలు అలవాటు కొద్దీ కుడికి పోయింది. గోల్‌కీపర్ కుడికి దూకి బంతి పట్టేశాడు.

ఆట అయిపోయింది.

నరహరి కంట్రోలర్ మెల్లగా సోఫా మీద పెట్టాడు.

"ఇయ్యాల గూడనా?"

"లేదురా! ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు. నిజంగానే ఆడాను. గెలవాలనే ఆడానురా. నువ్వు బాగా ఆడుతున్నావు, నిజంగా గెలిచావు!"

"గీ మాట నువ్వు రెండేండ్ల సంది చెప్తున్నవు" అన్నాడు నరహరి.

వాడి కళ్లలో నీళ్లున్నాయి. కోపం ఉన్నా బాగుండేది, అదీ లేదు. లేచి ఉప్పలయ్య బల్ల మీద ఇరవై ఐదు రూపాయలు పెట్టాడు. ఉప్పలయ్య, "నువ్వు గెలిచినవు గద తమ్మీ..." అంటుంటే, "ఉండనీ అన్నా" అని మెట్లు దిగాడు. ప్రణీత్ వెనకే పరుగెత్తబోయి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వెళ్లి మాత్రం ఏం చెప్తాడు? తన మాట కన్నా వాడికి చూపించగలిగింది ఇంకేముంది?

వెనక్కి తిరిగి ఉప్పలయ్య చేతులు పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు చూశావుగా. నువ్వైనా వాడికి చెప్పన్నా, ఇవాళ నేను నిజంగానే ఓడానని."

ఉప్పలయ్య జాలిగా చూశాడు.

"ఎట్ల చెప్పాలె తమ్మీ? నాకు గూడ నమ్మబుద్ధి అయితలేదు."