పై అర పళ్ళేలు

అన్నం వార్చడమా, గోడ కొట్టడమా అన్న తొందరలో బేబీరాణి చాలాసార్లు చెయ్యి కాల్చుకుంది.

వంటింటి గోడ చెక్క పలకలది. దానికి అవతల షెడ్డు. షెడ్డులో ఆమె భర్త చక్రి కార్లకి సౌండ్ సిస్టమ్ బిగిస్తాడు. ఇవతల అదే గోడకి రెండు అరల స్టాండు. కింది అరలో గ్లాసులు, పై అరలో నిలబెట్టిన స్టీలు పళ్ళేలు. షెడ్డులో కారు మోగితే ముందు గ్లాసులు జుమ్మంటాయి. బేస్ సరిగ్గా పలికితే పళ్ళేల అంచులు అన్నీ ఒక్కలాగే వణుకుతాయి. ఇంకా పెరిగితే పళ్ళేలు మెల్లగా అర అంచుకి జరుగుతాయి. బేబీరాణి గరిటెతో గోడ మీద ఒకసారి కొడితే ఇంకా పెంచమని. రెండుసార్లు కొడితే ఇక చాలని. మూడుసార్లయితే తీగలు తారుమారయ్యాయి, విప్పి చూడమని. అవతల చక్రి ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి నిలబడతాడు. కారు తెచ్చినవాళ్ళు మాట మానేసి అతని మొహమే చూస్తుంటారు. చక్రి భయ్యా వింటున్నాడనుకుంటారు. అతను గరిటె కోసం కాచుకుని ఉంటాడు.

గరిటె చప్పుడు వాళ్ళకీ వినపడుతుంది. కానీ వంటింట్లో ఆడమనిషి చేసే చప్పుడుని ఎవరు పట్టించుకుంటారు? పన్నెండేళ్ళలో ఒక్కరూ అదేమిటని అడగలేదు.

ఈ అలవాటు పెళ్ళైన మొదటి ఏడాదే మొదలైంది. ఒకరోజు కూర తిప్పుతూ, "ఒక స్పీకర్ తిరగేసి కలిపినట్టున్నారు" అని ఆమె గోడ ఇవతల నుంచి గట్టిగా చెప్పింది. చక్రి లోపలికొచ్చాడు. కోప్పడలేదు. ఆమె గెడ్డం పట్టుకుని, "నలుగురిలో అలా అరవకే. నీకేటైనా తెలిస్తే గోడ కొట్టు, నాకు అర్థమైపోద్ది" అన్నాడు. ఆ రోజు ఆమెకి అది ప్రేమలా అనిపించింది. ఇద్దరికి మాత్రమే తెలిసిన గుట్టు కదా అని మురిసింది. ఆ గుట్టు వల్ల పేరు ఒకరికే వచ్చిందని అర్థం కావడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది. ఆ సంగతి కూడా ఒక్కసారిగా తగల్లేదు. పంట్లో ఇరుక్కున్న చేపముల్లులా రోజూ నాలుక వెళ్ళి దాన్నే తడుముతుండేది.

ఆమె తండ్రి మల్లేశు మాయాబందర్‌లో పెళ్ళిళ్ళకి మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. కాలిపోయిన స్పీకర్ కాయిల్ చుట్టడం ఆమెకి పదో తరగతికే వచ్చు. తీగల్లో కరెంటు చూసే మీటరు ఒకటి తండ్రి గుర్తుగా పెట్టెలో పెట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ డిగ్నాబాద్ ఇంటికొచ్చింది. ఇప్పుడా మీటరు షెడ్డులో ఉంటుంది. దాని వీపు మీద ఎర్ర పెయింటుతో చక్రి అని రాసి ఉంటుంది. ఎందుకలా రాశారని అడిగితే, "బజారు వస్తువు కదే, ఎవడైనా పట్టుకుపోతాడు" అన్నాడు.

ఇంకో పని కూడా ఆమెదే. అదీ పనిగా ఎవరూ అనుకోరు. ఏ కారుకి బేస్ పలికించే ఏ సబ్ వూఫర్ సరిపోతుంది, దాన్ని ఏ ఆంప్లిఫయర్ మోస్తుంది అని తేల్చడం. హోప్ టౌన్ నుంచి, మాయాబందర్ నుంచి షాపు ఫోనుకి మెసేజీలు వస్తాయి. మధ్యాహ్నం గిన్నెలు తోమాక ఆమె కూర్చుని అన్నిటికీ జవాబులిస్తుంది. అందరూ భయ్యా అంటారు. ఆమె భయ్యాలాగే రాస్తుంది.

పది రోజుల కిందట స్వాతి అనే అమ్మాయి గొంతు రికార్డు చేసి పంపింది. "భయ్యా, మాది హోప్ టౌన్. సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నా, చిన్నదే. నా దగ్గర పద్దెనిమిది వేలే ఉన్నాయ్. బేస్ మాత్రం అచ్ఛావాలా కావాలి. నేను ఆడపిల్లనని ఏదో ఒకటి అంటగట్టొద్దు, ముందే చెప్తున్నా."

చివరి మాట బేబీరాణి రెండుసార్లు విని నవ్వుకుంది. మూడోసారి విన్నప్పుడు నవ్వు రాలేదు.

ఆ అమ్మాయి కోసం ఎంచడంలో ఆమె రెండు మధ్యాహ్నాలు గడిపింది. అట్టపెట్టె మీద రెండు వేల వాట్లని అచ్చేస్తారు. అది ఒక్క రెప్పపాటు పలికే బలం. ఆగకుండా గంటలకొద్దీ మోయగలిగే బలం లోపలి కాగితంలో చిన్నక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఆర్ ఎం ఎస్ అంటారు. ఎంచేటప్పుడు చూడవలసింది అదే. చక్రి ఎప్పుడూ అట్టపెట్టె చదివేవాడు. బేబీరాణి చిన్నక్షరాలు చదివేది. చిన్న కారు కాబట్టి పెద్ద ఆంప్లిఫయర్ పెడితే దరువు పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకేస్తాయి. రెండు వూఫర్లకి సొమ్ము చీల్చి రెండూ నాసిగా కొనేకంటే పన్నెండంగుళాలది ఒక్కటి గట్టిది తీసుకోవాలి. మూడు వందల వాట్లు ఆగకుండా పలికే వూఫర్, దానికి మూడు వందల యాభై ఇచ్చే ఆంప్లిఫయర్. అందరూ మర్చిపోయే ఖర్చు తీగలది. అల్యూమినియం తీగ ఇక్కడి ఉప్పుగాలికి ఏడాదిలో పొడైపోతుంది, రాగిదే కావాలి. వూఫర్ బిగించే పెట్టె చెక్కపొట్టు పలకతో చేస్తే మన వానలకి రొట్టెలా ఉబ్బుతుంది. పడవలకి వాడే ప్లైవుడ్ కావాలి. ఇవన్నీ పద్దెనిమిది వేలలో ఇమిడాయి. ఇమిడిన క్షణంలో ఆమెకి ఒళ్ళంతా తేలికైంది. అలాంటి సంతోషం ఆమెకి ఇంట్లో ఇంకే పనిలోనూ దొరకలేదు. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం అంతసేపు నిలవదని కూడా ఆమెకి తెలుసు. చీటీ రాసి చక్రికిచ్చింది. ఆ వూఫర్ చెన్నై నుంచి మొన్నటి షిప్పులో వచ్చింది. మేస్త్రీ ఉమేష్ ఆమె చెప్పిన కొలతలకి పెట్టె చేసి వూఫర్ బిగించి గోడవార పెట్టాడు.

ఈ రోజు పదకొండింటికి స్వాతి బాంబూఫ్లాట్‌లో కార్లని దాటించే వెహికల్ బోటెక్కి కారేసుకుని వచ్చింది. ముప్పై లోపు మనిషి. బేబీరాణి టీ తీసుకెళ్ళేసరికి చక్రి ఆ అమ్మాయితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"నీకు ఇంత బేస్ ఎందుకమ్మా? పొద్దున్నే దేవుడి పాటలు పెట్టుకుంటే డోర్ స్పీకర్లు బస్."

"దేవుడి పాటల్లో డప్పు ఉండదా భయ్యా?" అంది స్వాతి. "ఫోన్లో ఒక్క పన్నెండంగుళాలది అని రాశారు కదా."

"అదా, సిర్ఫ్ ఒకటా అనిపించింది మళ్ళీ. నీకోసం రెండు పెడుతున్నా. దేఖో, రెండు వేల వాట్లు. రేటు సేమ్."

డిక్కీలోకి ఎక్కుతున్న పెట్టెని చూసి బేబీరాణి చేతిలో ట్రే ఆగిపోయింది. అందులోవి పాత వూఫర్లు. రెండు వానాకాలాలు గోడౌన్లో పడున్నాయి. వాటి అంచుల రబ్బరు బిరుసెక్కిపోయిందని ఆమే చెప్పింది. ఆమె చీటీలో రాసిన పెట్టె గోడవారే ఉంది. దాని మీద సుద్దతో పృథ్వీ అని రాసి ఉంది. పృథ్వీ అంటే కాంట్రాక్టరు కొడుకు. ఇంకో మూడు వేలు ఎక్కువిస్తానన్నాడని రాత్రి భోజనం దగ్గర చక్రి చెప్పుకున్న మాట ఆమెకి గుర్తొచ్చింది. "ఆడపిల్ల, దానికేం తెలుస్తాది" అన్న మాట కూడా. అప్పుడు ఎవరి గురించో అనుకుని పులుసు పోసింది.

"టీ అక్కడెట్టి ఎల్లు" అన్నాడు చక్రి.

ఆమె అక్కడ పెట్టి వెళ్ళింది. పన్నెండేళ్ళుగా అలవాటుపడ్డ కాళ్ళు, చెప్పగానే వెళ్ళిపోతాయి.

వంటింట్లో అత్త కాసులమ్మ చేపలు కడుగుతోంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంటే, "నా కొడుకు సెవి దేవుడిచ్చిన సెవి. పోర్ట్ బ్లెయిర్ మొత్తానికి ఒక్కడే" అని చెబుతోంది. చెబుతూ గరిటె ఉన్న వైపు చూసి, చూపు తిప్పుకుంది. ఈ పన్నెండేళ్ళూ ఆ గరిటె ఎన్నిసార్లు గోడకి తగిలిందో చూసింది కాసులమ్మ ఒక్కతే. తెలియక పొగిడేవాళ్ళ మీద బేబీరాణికి కోపం రాలేదు. తెలిసి పొగిడే ఈమె మీద వచ్చింది. మంటలా రాలేదు, ఎసరులా అడుగు నుంచి వచ్చింది.

షెడ్డులో పాట మొదలైంది. దరువు వినపడుతోంది గానీ అట్ట మీద వేలితో కొట్టినట్టుంది. గ్లాసులు కదల్లేదు. పళ్ళేలు పలకలేదు. బేబీరాణికి ఒక్క క్షణంలో అర్థమైంది. రెండు వూఫర్లలో ఒకదాని తీగలు తిరగేసి కలిపారు. ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగేస్తోంది. రెండూ ఒళ్ళు హూనం చేసుకుని పనిచేస్తున్నాయి, బయటికి మాత్రం ఏమీ రావడం లేదు.

మూడుసార్లు కొట్టాలి. చెయ్యి గరిటె అందుకుంది కూడా.

కొడితే ఏమవుతుంది? అతను తీగలు మారుస్తాడు. పాత రబ్బరు ఓ నెల పలుకుతుంది. ఆ అమ్మాయి వాహ్ భయ్యా అంటుంది. నెల తర్వాత రబ్బరు చిరిగితే, "నీకు వాడటం రాలేదమ్మా" అంటాడు. ఆ మాటకి కూడా తన గరిటే దారి వేసినట్టవుతుంది. ఇన్నాళ్ళూ తన చెవిని వాడుకున్నాడనుకుంది గానీ, మోసాన్ని కూడా తన చేతే బాగుచేయించుకున్నాడని ఇప్పుడు తెలిసింది. గరిటె చేతిలో బరువెక్కింది.

"భయ్యా, ఇందులో బేస్ ఏదీ?" స్వాతి గొంతు. "ఖాళీగా ఉంది."

"నీకు అలవాటు లేదమ్మా. ఆడోళ్ళ చెవులకి బేస్ తెలీదు, గాజుల చప్పుడే తెలుస్తాది." ఎవరో నవ్వారు. తర్వాత చక్రి గొంతు పెంచి, "బేబీ, అన్నం అయిందా?" అన్నాడు.

అది అన్నం గురించి కాదు, గరిటె గురించి.

"బేబీ." ఈసారి స్పానర్‌తో గోడ మీద తట్టాడు.

"వాడు పిలుస్తున్నాడే. కొట్టవేటి?" అంది కాసులమ్మ, తల ఎత్తకుండా.

"నువ్వు కొట్టత్తా. ఇదిగో గరిటె" అని బేబీరాణి దాన్ని గట్టు మీద పెట్టి స్టవ్ కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని షెడ్డులోకి నడిచింది.

చక్రి ఆమెని చూసి మొహం చిట్లించాడు. "ఏటి? లోపలికి ఎల్లు, తర్వాత మాట్లాడుకుందాం."

"లోపల్నుంచే వచ్చాను" అంది. స్వాతి వైపు తిరిగింది. "నీ ఫోనుకి జవాబులు రాసింది నేనమ్మా. నీకని ఎంచింది ఆ గోడవార ఉన్న పెట్టె. ఇవి పాతవి, రబ్బరు పోయింది. పైగా ఒకటి తిరగేసి కలిపారు, అందుకే ఖాళీగా ఉంది. నీ చెవి బాగానే ఉంది."

షెడ్డులో పాట ఒక్కటే అట్ట మీద వేలిలా కొట్టుకుంటోంది. చక్రి నవ్వబోయాడు. "దీనికి సీరియల్స్ తప్ప ఏటీ తెలీదు. ఉమేష్, నువ్వు చెప్పు."

ఉమేష్‌కి నలభై దాటాయి. పదేళ్ళుగా ఆ షెడ్డులో పనిచేస్తున్నాడు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ వైపు చూసుకుంటూ, "భాభీ సచ్ బోల్ రహీ హై భయ్యా" అని, వదిన చెప్పేదే నిజమన్నాడు మెల్లగా.

"ఆ పెట్టె పెట్టించండి భయ్యా. లేకపోతే నా డబ్బులు వాపస్" అంది స్వాతి.

"పృథ్వీకి మాటిచ్చాను. వాడికేం చెప్పను?"

"షిప్పు మళ్ళీ వస్తుంది" అంది బేబీరాణి. "అతనికి చీటీ రాయడానికి నాకు తీరిక ఉంటే, అప్పుడు చూద్దాం."

తీరిక అన్న మాట ఆమె నోట చక్రి ఎప్పుడూ వినలేదు. బేబీరాణి పెట్టె మీది సుద్దరాతని అరచేత్తో తుడిచేసింది. బల్ల మీద ఉన్న తండ్రి మీటరు తీసి కొంగులో కట్టుకుంది.

ఉమేష్ పెట్టెలు మార్చి, రెండు తీగలు కలిపి, ఆంప్లిఫయర్ దగ్గర నిలబడ్డాడు. అలవాటుగా గోడ వైపు చూశాడు. స్వాతి కారెక్కి పక్క సీటు తలుపు తెరిచింది. "రా అక్కా, విను."

వందల కార్లకి ఎంచిన మనిషి ఆ షెడ్డులో ఏ కారులోనూ కూర్చోలేదు. ఎక్కి తలుపు వేసుకోగానే బేబీరాణికి భయం వేసింది. ఇక్కడ పళ్ళేలు లేవు. పళ్ళేలు చెప్పకుండా తనకి ఏమైనా తెలుస్తుందా? ఇన్నాళ్ళూ విన్నది స్టీలుని తప్ప పాటని కాదేమో. అప్పుడు దరువు పడింది. చెవికి కాదు, సీటులోంచి వీపుకి, వీపులోంచి గుండెకి. ఎవరో పెద్ద చేత్తో లోపలి నుంచి తలుపు తట్టినట్టు. ఆమె కళ్ళు మూసుకోలేదు. తెరిచే విన్నది.

ఉమేష్ పెంచుతూ పోయాడు. అద్దాలు వణికాయి. ఒకచోట అతని చెయ్యి తనంతట తనే ఆగింది. రోజూ రెండు దెబ్బలు పడేది అక్కడే. బేబీరాణికి ఆ మోత తెలుసు, ఇంతకు మించితే పళ్ళేలు పడతాయి. ఆమె వింటూ ఉండిపోయింది. వూఫర్ బిగుసుకోలేదు. దరువు చీలలేదు. ఇంకా ఎంతో చోటుంది. ఈ పన్నెండేళ్ళూ ఊళ్ళో ప్రతి కారునీ ఆమె ఆపింది వూఫర్ ఇక చాలన్నచోట కాదు. వంటింటి అర చాలన్నచోట.

గోడ అవతల మొదటి పళ్ళెం నేల మీద పడింది. దాని వెనకే ఇంకొకటి.

"ఒలే బేబీ," కాసులమ్మ అరుస్తోంది, "పళ్ళేలన్నీ పడిపోతున్నాయే, వచ్చి పట్టుకోవే."

బేబీరాణి అద్దం కొంచెం దించింది.

"ఉమేష్ భయ్యా," అంది, "ఇంకొంచెం పెంచు."