నీలం గీతల చొక్కా

వెంకటప్పయ్య పోయి మూడు రోజులైంది. భార్య రావమ్మ కంట ఒక్క చుక్క రాలలేదు. పలకరింపుకి వచ్చినవాళ్లు వింతగా చూశారు. చూస్తే చూడనీ, వాళ్ల గోల వాళ్లది! ఆమె బుర్రలో ఉన్నదల్లా ఒక్కటే: గౌరి పాలివ్వడం లేదు.

గౌరి వాళ్ల గేదె. దూడ చచ్చిపోయినప్పటి నుంచి వెంకటప్పయ్య చేతికి తప్ప చేపదు, పాలు దించదు. ఇంకెవరు కూర్చున్నా తన్నడమే. పొదుగు రాయిలా బిగిసిపోయింది. "ఇవాళ కూడా పిండకపోతే ఎండిపోద్దండీ, ఇంక అమ్మేసుకోవడమే" అని పశువుల డాక్టరు తేల్చేశాడు. ఆయన చేత్తో పెంచిన గొడ్డు, ఆయన వెనకే ఇల్లు వదిలి పోవాలా?

చల్లపల్లి వైపు పాడి ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిన ఉపాయం ఒకటుంది. చెయ్యి మారితే, పాత మనిషి విడిచిన చొక్కా తొడుక్కుని కూర్చోవాలి. ఆ వాసనకి గేదె చేపుతుంది. కానీ పోయిన మనిషి బట్ట కొట్టంలోకి వెళితే గొడ్డుకి అరిష్టమని ఆడపడుచు ఛాయాదేవి అన్నీ మూటగట్టి కాలవలో వేయించింది. అందులోంచి ఆయన చివరిరోజు విడిచిన నీలం గీతల చొక్కా ఒక్కటి రావమ్మ లాగేసి గడ్డి కింద దాచింది.

చిన్నకర్మ వంటల్లో ఛాయాదేవి మునిగిపోయాక రావమ్మ కొట్టంలోకి వెళ్లింది. గడ్డి కింద చొక్కా లేదు. కొట్టం వెనక దండెం మీద ఆరుతోంది.

"మాసిపోయి ఉంటే నేనే ఉతికానమ్మా. నాన్న గుర్తుగా పటమట తీసుకెళ్తా, అత్తకి చెప్పకు" అంది కూతురు భానుశ్రీ.

పటమటలో ఉంటూ ఆఫీసుకెళ్లే పిల్ల, పాడి సంగతి దానికేం తెలుసు? తిట్టాలని కూడా అనిపించలేదు రావమ్మకి. తడి చొక్కానే తొడుక్కుంది. ఆయన కూర్చునే వైపే కూర్చుని, ఆయనలాగే "దా తల్లీ, దా" అంది. గౌరి తల తిప్పి భుజం వాసన చూసింది. మళ్లీ చూసింది. ఒక్క తన్ను తన్నింది. బకెట్ దొర్లిపోయింది.

రావమ్మ కాలరు ముక్కు దగ్గరికి లాక్కుంది. బీడీ వాసన లేదు, చెమట లేదు. అంతా సర్ఫే. ఆయన పోయాడని అప్పుడు తెలిసింది ఆమెకి.

"లేడే గౌరీ! మీ అయ్య ఇంక రాడే!" అంటూ గేదె డొక్కకి తల ఆనించి బావురుమంది.

ఈసారి గౌరి తన్నలేదు. కదలకుండా నిలబడింది. పాలు మాత్రం రాలేదు.