గోడ పొంటి గుంజిన వల

నేను ఒక నైలాన్ వలను. సముద్రపు చేపల కోసం నన్ను అల్లారు. మొదట కొన్న జాలరి చిరిగిన చోటల్లా కుట్టి కుట్టి, విసిగిపోయి అంగడిలో అమ్మేశాడు. అలా గొర్రెలకాపరి కొమురెల్లి చేతిలో పడ్డాను. నా పని మాత్రం మారలేదు. ప్రాణమున్నవాటిని పోనీయకుండా పట్టి ఉంచడం. మనుషులు దానికి కాపలా అని మంచి పేరు పెట్టుకున్నారు.

ఎండాకాలం పంట లేని మెట్ట చెలకల్లో మంద పెడతారు. గొర్రెలు ఎరువు వేస్తాయి, ఆసామి గింజలు ఇస్తాడు. ఆ ఏడు ఆగంరెడ్డి చెలక. ఒకవైపు రాతిగోడ, మిగతా మూడు వైపులా అరవై మీటర్ల నేను.

"గోడ పొంటి పొడుగ్గ గుంజు కొమురెల్లీ. ఆ కొసదాంక ఎరువు పడాలె" అన్నాడు ఆగంరెడ్డి.

పొడవు యాభై, వెడల్పు అటూ ఇటూ అయిదు. గోడ వెంబడి అట్లాగే గుంజాడు కొమురెల్లి. సద్ది తెచ్చిన కూతురు నవత ఇంటర్ చదువుతోంది. చూసి ఆగిపోయింది.

"ఇరుకైతది నాయినా! వెడల్పు పెంచుకుంట పోతే జాగ పెరుగుతది. పదిహేను దాటితే మల్ల తగ్గుతది. పదిహేను వెడల్పు, ముప్పై పొడుగు పెట్టు. నాలుగు వందల యాభై చదరపు మీటర్లు. నువ్వు గుంజింది రెండు వందల యాభయ్యే."

"వల గదే, గొర్లు గవ్వే. జాగ ఏడికి పోతది? మీ పుస్తకంల గొర్లు గడ్డి తింటయా?"

ఆగంరెడ్డి పగలబడి నవ్వాడు. నవత పీకిన గూటాన్ని కొమురెల్లి మళ్లీ అక్కడే దిగ్గొట్టాడు.

మబ్బు పట్టిందని మందను తొందరగా లోపలికి తోలారు. పొద్దు వాలకముందే వడగండ్లు పడ్డాయి. ఉరుముకు బెదిరి మందంతా ఒక కొసకు ఉరికింది. పక్కకు తిరుగుదామంటే చోటు లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నేను తెగలేదు. తెగి ఉంటే బాగుండేది. నవత గోళ్లతో నా ముడులు పీకింది, కొమురెల్లి కొడవలితో కోశాడు. పైన ఉన్నవే బతికాయి. మంద సగానికి పైగా కిందే ఉంది.

"నా చెలకల పూడ్వకు. వాగుకాడికి తీస్కపో" అన్నాడు ఆగంరెడ్డి.

వాగు పక్కన గుంత తీసి పూడ్చారు. కుక్కలు తవ్వకుండా చుట్టూ కట్టడానికి, కోసిన చోట నన్ను ముడేసి పట్టుకెళ్లారు. కొమురెల్లి గుంత చుట్టూ ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పాడు. అదే వల, అవే గొర్రెలు. ఇంకా మిగిలిన నన్ను చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.