టక్కుమని వినపడాలి

పొద్దున్న పదింటికి మంగతాయారు మనవరాలికి తాత పేరు చెప్పి మొదటి ముద్ద పెడుతుంది. ముద్ద గొంతు దిగగానే తాత వచ్చి పిల్ల బరువులో కూర్చుంటాడు. కిలోంపావు.

పోయి తొమ్మిదేళ్ళైన మనిషి, అయినా వేళకే వస్తాడు. పాప ఒకసారి గొంతు సవరించుకుంటుంది. పేపరు మడిచి అన్నానికి లేచేముందు ఆయన సవరించుకునేవాడే, అచ్చం అలాగే.

పాప పేరు లిఖిత. పదకొండు నెలలు. కూర్చున్నది కాళ్ళు లేని కుర్చీలో. కాళ్ళకి బదులు దానికి రెండు ఇనప చేతులున్నాయి. అవి భోజనాల బల్ల అంచుని పైనుంచీ కిందనుంచీ పట్టుకుంటే కుర్చీ గాల్లో నిలబడుతుంది, పిల్ల పెద్దవాళ్ళతో సమానంగా బల్ల ముందు కూర్చుంటుంది. కుర్చీ అడుగున గుండ్రటి అద్దం వెనక ఒక ముల్లు, అంకెలు, కిరాణా కొట్లో కాటాకి ఉన్నట్టు. నిన్న అట్టపెట్టె విప్పినప్పుడు అది లేదు. ఇవాళ ఉంది. ముల్లు ఎనిమిది మీంచి తొమ్మిదింపావు మీదకి వెళ్ళి ఆగుతుంది.

కుర్చీ తెప్పించింది కూతురు సువర్చల. కాలేజీలో లెక్కలు చెబుతుంది. వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ ఆ లెక్కా చెప్పింది.

"స్క్రూలు తిప్పుతూ పోతే టక్కుమని వినపడాలమ్మా. వినపడేదాకా కూర్చోబెట్టకు. బెల్టులు అయిదూ పెట్టు. పదిహేను కిలోలు దాటకూడదు. పిల్లని వదిలి అడుగు కదలకు."

"ఎనిమిది కిలోల పిల్లకి పదిహేనెక్కడినించి వస్తాయే?"

"రావు. అందుకే రాసుంటారు. గిన్నె మాత్రం ఖాళీ అవ్వాలి. జ్వరం పడి లేచిన పిల్ల, మొన్నటిదాకా తొమ్మిదుండేది."

కూతురు అటు వెళ్ళగానే మంగతాయారు చేయాల్సినవన్నీ చేసింది. ఇంకో రెండు తనకి తోచినవి కూడా చేసింది. టేకు బల్ల, ఆయన ముచ్చటపడి చేయించింది, ఇనుము గీసుకుంటుందని పాత నేతచీర నాలుగు మడతలు పెట్టి చేతుల కింద వేసింది. ఆ మీదట స్క్రూలు బిగించింది. టక్కుమనే చప్పుడేదో ఉంటే చీర మింగేసినట్టుంది, ఈవిడకి వినపడలేదు. పడినా దెబ్బ తగలకుండా పాప పాదాల కింద ముక్కాలిపీట, దానిమీద దిండు పెట్టింది. ఎవరైనా పెడతారు మరి.

కుర్చీతో వచ్చిన పుస్తకం బల్లమీద తెరిచి ఉంది. మంగతాయారు రెండో తరగతిలో బడి మానేసింది, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకునేవాళ్ళు లేక. అక్షరాలు నిలవలేదు గానీ బొమ్మలు చదువుతుంది. మొదటి బొమ్మలో ఒకావిడ కుర్చీ కింద గుడ్డ మడిచి పెడుతోంది. ఆవిడ మీద అటొకటి ఇటొకటి ఎర్రటి అడ్డగీతలు. రెండో బొమ్మలో పిల్ల కాళ్ళ కింద పీట పెడుతోంది. అడ్డగీతలు. ఆవిడకి కళ్ళూ ముక్కూ లేవు, తల గుడ్డులా ఉంది, చీర మాత్రం ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు. మంగతాయారు తన కొంగు చూసుకుంటుంది. అదే.

మూడో బొమ్మలో ఆవిడ పిల్ల నోట్లో ముద్ద పెడుతోంది. దానిమీద ఒక గీత మూలనుంచి మొదలైంది. ఇంకా గోరంతే వచ్చింది.

"ఇది మామయ్య ముద్ద."

పాప మింగుతుంది. ముల్లు పదిన్నరకి వెళ్తుంది. వెంటనే ఫోను మోగుతుంది. గుంటూరు నుంచి కొడుకు రామ్మోహనం.

"అమ్మా, ఇప్పుడే కిలోంపావు తగ్గాను. ప్యాంటు జారిపోతోంది. నువ్వేమైనా చేశావా?"

"నీ పేరుమీద ముద్ద పెట్టానురా."

"చెప్పి పెట్టొచ్చుగా. బస్సులో నిలబడి ఉన్నాను."

పేరు చెప్పకుండా పెడదామని చూస్తుంది మంగతాయారు. పాప పెదాలు బిగించేస్తుంది. ముద్దని ఇటు తిప్పి అటు తిప్పి, "హా... వచ్చేసింది, వచ్చేసింది" అంటుంది. ఊహూఁ. పేరు లేని ముద్ద ఎవరిదో తెలియదు కదా, ఎవరిదో తెలియనిది పిల్లెందుకు తింటుంది.

"సరే, ఇది కాకినాడ పెద్దమ్మ ముద్ద."

నోరు జారాక గుర్తొస్తుంది, కాకినాడ పెద్దమ్మ రిక్షా ఎక్కితే ముందుచక్రం లేచేది. రెండు కిలోలు. ముల్లు పన్నెండున్నర. బల్ల ఒకసారి మూలుగుతుంది. నేతచీర మడత అంచుమీంచి బొటనవేలంత ముందుకి జారుతుంది. ఇనప చేతులూ దానితోపాటే జారుతాయి.

మంగతాయారు ముద్ద చేతిలోనే ఆపేస్తుంది. ఇక పెట్టకూడదు అనుకుంటుంది.

పెట్టడం ఆగగానే పాప తగ్గడం మొదలుపెడుతుంది. బుగ్గలు తగ్గుతాయి, భుజాలు తగ్గుతాయి, భుజాలమీది బెల్టులు వదులై మోచేతుల దాకా దిగుతాయి. ముల్లు మాత్రం కదలదు. తాతా మామయ్యా పెద్దమ్మా కూర్చునే ఉన్నారు, వాళ్ళెందుకు లేస్తారు. తగ్గేది పాప ఒక్కతే. ఒక కాలు కుర్చీలో కాళ్ళు దూర్చే కన్నంలోంచి తొడదాకా దిగిపోతుంది, రెండోది దానికోసం చూస్తుంది.

పాప ఏడవదు. అమ్మమ్మ వైపే చూస్తుంటుంది, బస్సు కోసం చూసినట్టు.

పిల్లని బయటికి తీసేస్తే గొడవే లేదు. బెల్టులు అయిదూ వచ్చి నడిమిన ఒక క్లిప్పులో కలుస్తాయి. దానికి రెండు మీటలు, రెండూ ఒక్కసారే నొక్కాలి. మంగతాయారు కుడి బొటనవేలికి వాతం, అది నొక్కితే ఎడమది జారుతుంది, ఎడమది నొక్కితే కుడిది ఒప్పుకోదు. పిల్లలు విప్పలేకుండా చేశారు దాన్ని. డెబ్భై రెండేళ్ళ వాళ్ళని కూడా పిల్లల్లోకే జమకట్టారు.

పక్క వాటా వరహాలమ్మని పిలుద్దామని వీధి గుమ్మం వైపు చూస్తుంది. గుమ్మం దూరంగా వెళ్ళిపోయి ఉంది. నట్టింట్లో గచ్చు పొడుగ్గా సాగి, గుమ్మం అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. "వరహాలమ్మా!" అని కేకేస్తుంది. కేక గచ్చుమీద నడుచుకుంటూ సగం దూరం వెళ్ళి, ఆయాసపడి, వెనక్కి వచ్చేస్తుంది. తనే వెళ్దామా అంటే పిల్లని వదిలి అడుగు కదలకూడదు.

కూతురికి ఫోను చేస్తుంది.

"పన్నెండున్నర అయిందే."

"ఇంకా రెండున్నర ఉంది కదమ్మా."

"పెట్టకపోతే పిల్ల కన్నంలోంచి జారిపోతోంది. పెడితే చీర జారుతోంది."

"ఏ చీర?"

మంగతాయారు జారిన మడతని అరచేత్తో లోపలికి నెట్టి చూస్తుంది. వెళ్ళదు.

"అమ్మా. టక్కుమందా?"

"నువ్వు రావే తల్లీ."

"ఎలా రాను? నలుగురు పిల్లలు లెక్క చేస్తూ బోర్డులోకి వెళ్ళిపోయారు. ఇంకా బయటికి రాలేదు. వాళ్ళని వదిలి అడుగు కదలకూడదు."

నిజమే అనిపిస్తుంది. ఫోను పెట్టేస్తుంది.

బరువు లేనివాళ్ళ పేర్లు చెప్పాలి. "ఇది కాకి ముద్ద" అంటుంది. పాప మింగి, మెడ పక్కకి తిప్పి ఒంటికన్నుతో చూస్తుంది. తొడలు కాస్త నిండుతాయి, భుజాలు బెల్టుల్లోకి వస్తాయి. ముల్లు కూడా కదలదు. అమ్మయ్య అనుకునేలోపు బెల్టుల కొసలు టపటపా కొట్టుకుంటాయి. పాప పాదాలు పీటని తన్ని, కుర్చీని పైకి లేపుతాయి, ఇనప చేతులు అంచుమీద ఇంకో వేలంత పట్టు వదులుతాయి. కాకికి బరువు లేకపోతేనేం, ఎగిరే గుణముంది కదా. మంగతాయారు కాలితో పీటని అవతలికి తోసేస్తుంది. ముందే ఉండకూడనిది అది.

మూడో బొమ్మ మీద గీత ఆవిడ మెడదాకా వచ్చింది.

గిన్నెలో ఇంక రెండు ముద్దలే ఉన్నాయి. పాప మళ్ళీ సన్నబడుతోంది. మంగతాయారు ఒక చేత్తో కుర్చీ అడుగు పట్టుకుని, వంశంలో ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ మనసులో వరసగా నిలబెడుతుంది. అందరూ జ్ఞాపకమే ఆవిడకి, ఎవరెంత తినేవాళ్ళో, ఎవరికి ఏ పచ్చడి పడేదో సహా. టైఫాయిడుతో పుల్లలా అయిపోయిన సుబ్బారాయుడు బాబాయి ఉన్నాడు, కానీ పొడుగరి. సన్నగా ఈనెలా ఉండే మేనత్త ఉంది, కానీ ఒంటినిండా నగలు. ఒక్కొక్కర్నీ చేత్తో పక్కకి జరుపుతూ పోతుంది. వరస చివర, అందరి మోకాళ్ళ కింద, ఒక చిన్న పిల్ల ఉంది.

అలివేలు. చెల్లెలు. ఏడాదిన్నర.

ఆ పేరు ఆవిడ ఏ ముద్దకీ పెట్టలేదు. కొడుక్కి తినిపించినప్పుడూ చెప్పలేదు, కూతురికి తినిపించినప్పుడూ చెప్పలేదు. అప్పటికి తనకి ఎనిమిదేళ్ళు. అరుగుమీద నిలబడి చెల్లెల్ని చంకన వేసుకుంది. జడ రిబ్బను ఊడిపోయింది. కట్టుకోవడానికి చెయ్యి వదిలింది. రిబ్బను రెండు మడుపులు వేసేంతసేపు, అంతే. అరుగు కింద రాళ్ళున్నాయి.

ఏడాదిన్నర పిల్ల, అందులోనూ ముద్దంత భాగం. ఎంతుంటుంది?

"ఇది అలివేలు ముద్ద" అంటుంది మంగతాయారు.

ఇవాళ మొదటిసారి పాప తనంతట తనే నోరు తెరుస్తుంది. మింగుతుంది. బుగ్గలు నిండుతాయి, భుజాలు నిండుతాయి, జారిన కాలు పైకి వస్తుంది, బెల్టులు అయిదూ సరిగ్గా కూర్చుంటాయి. ఇంత ముద్దుగా ఎప్పుడూ లేదు పిల్ల.

ముల్లు పదమూడు దాటుతుంది. పద్నాలుగు. పదిహేను. పదిహేను తరవాత అద్దం కింద అంకెలు లేవు. ముల్లు అంకెలు లేని చోటికి వెళ్ళి, అక్కడ నిలబడుతుంది.

నేతచీర మడత మడతగా బల్లమీంచి దిగి వచ్చేస్తుంది, పనైపోయినట్టు. ఇనప చేతులు అంచుని వదిలేస్తాయి.

పిల్ల గాల్లో ఉంటుంది. అరుగు ఎంత ఎత్తో అంత ఎత్తులో.

మంగతాయారుకి రెండు చేతులున్నాయి గానీ, ముద్ద పెట్టిన చెయ్యి కూడా అప్పటికే కుర్చీ అడుక్కి వెళ్ళింది, రెండూ బరువు కింద ఉన్నాయి. మిగిలింది నడుము. ఆవిడ నడుముని అడ్డంగా తోస్తుంది, చంకన పిల్లని ఎత్తుకునేటప్పుడు తోసినట్టే. ఇనప చేతులు పైనుంచీ కిందనుంచీ ఆవిడ తుంటి ఎముకని పట్టుకుంటాయి. గుడ్డ లేదు, ఏమీ లేదు, ఎముకే.

టక్కుమంటుంది.

ఇల్లంతా వినపడుతుంది. సాగిన గచ్చు వెనక్కి ముడుచుకుంటుంది, గుమ్మం తన చోటికి వస్తుంది. టేకు బల్ల నాలుగడుగులు వెనక్కి వేసి గోడవారగా నిలబడుతుంది, డ్యూటీ దిగినట్టు.

ఆ బరువుకి మంగతాయారు వంగుతుంది. చేతులు నేలకి ఆనుతాయి. వీపు మెల్లగా చదునవుతుంది. అరచేతులకీ అరికాళ్ళకీ నల్లటి రబ్బరు తొడుగులు వస్తాయి, జారకుండా. లేద్దామనుకుంటుంది. బల్లలు లేవవు. సరే అనుకుంటుంది, కదిలితే పిల్ల పడుతుంది. నెరిసిన జడ ఊడి, రెండోపక్క అంచుమీంచి వేలాడుతుంది.

ఒంటిగంటకి సువర్చల వస్తుంది. చేతికి సుద్దముక్క పొడి, పిల్లలు నలుగురూ బయటికి వచ్చినట్టున్నారు. తాళాలు తల్లి వీపుమీద పెడుతుంది. కుర్చీని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తుంది. కదలదు.

"గట్టిగానే బిగించింది" అంటుంది పాపతో. "అమ్మమ్మేదీ?"

మంగతాయారు, "ఇక్కడున్నానే" అంటుంది. కూతురు తడిగుడ్డ తెచ్చి, మెతుకులు పడ్డచోట బల్ల శుభ్రంగా తుడుస్తుంది. మెడ దగ్గర, వీపు నడిమిన, భుజాలమీద. ఇన్నేళ్ళలో ఆవిడ వీపు ఎవరూ ఇంత నెమ్మదిగా తుడవలేదు.

పుస్తకంలో నాలుగో బొమ్మ ఒకటి కొత్తగా వచ్చింది. బల్ల, బల్లకి కుర్చీ, కుర్చీలో పిల్ల. అడ్డగీతలు లేవు. ఆకుపచ్చ చీరావిడ కూడా లేదు.

గిన్నెలో ఒక్క ముద్ద మిగిలింది. సువర్చల తీయబోతుంటే పాప ముందే తీసుకుంటుంది. చిన్న చేత్తో దాన్ని గుండ్రంగా చేసి, ఇంతవరకూ అత్తా తాతా అననిది, పెద్దవాళ్ళలా అంటుంది:

"ఇది అమ్మమ్మ ముద్ద."

తను తినదు. చెయ్యి చాచి, బల్లకి అడ్డంగా, అవతలి వైపుకి అందిస్తుంది.

అవతలి వైపు మంగతాయారు రెండో తుంటి ఉంది. అక్కడా టక్కుమంటుంది, ఇంకో కుర్చీ బిగిసినట్టు.

ముద్ద నములుతున్న చప్పుడు వినపడుతుంది. ఏడెనిమిది పాలపళ్ళే ఉన్న నోరు. మంగతాయారు తల తిప్పి చూద్దామనుకుంటుంది. బల్లలకి మెడ ఉండదు. ఎంత బతిమాలుకున్నా తిరగదు. రెండు పక్కలా బరువు సమానమై, నాలుగు కాళ్ళూ నేలమీద తిన్నగా ఆనుతాయి.

నమలడం ఆగుతుంది. అన్నం అంటిన చిన్న వేళ్ళు, వేలాడుతున్న జడని పట్టుకుని పైకి లాక్కుంటాయి. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నట్టున్నాయి, ఎక్కడా పట్టుకోవాల్సిన పని లేనట్టు. తొందర లేకుండా, ఒక మడుపు, దాని పక్కన రెండో మడుపు, అరుగుమీద ఊడిపోయిన రిబ్బను జడకి కడతాయి.