గౌరీశ్వరి రాసిన జవాబులు

మంచాన పడ్డ మనిషిని చూడడానికి మన ఇళ్లకు వచ్చేవాళ్లు ఎవరిని పలకరిస్తారో ఎప్పుడైనా గమనించారా?

"ఎలాగున్నాడక్కా బావ?" గుమ్మంలోనే అడిగాడు వెంకటేష్.

మంచం మీద సన్యాసిరాజు కళ్లు తెరిచే ఉన్నాడు. జవాబు మాత్రం భార్య గౌరీశ్వరి చెప్పింది. "బాగానే ఉన్నార్రా."

పోర్టులో ఓడల మీద నిలబడి, చేతి సైగలతో క్రేన్లను ఆడించిన మనిషాయన. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. మాట పోయింది. కనురెప్ప కూడా స్వాధీనంలో లేదు. వినికిడీ తెలివీ మాత్రం ఉన్నాయన్నారు డాక్టర్లు.

"ఆదివారం బండి మాటాడేసాను. పెందుర్తిలో మా పై వాటా కడిగించేసాను. ఈ గాజువాక ఇల్లు కాళీ సేసెద్దాం."

"సరేరా. ఆయనకీ ఇష్టమే."

ఆయన్ని ఎవరూ అడగలేదు.

గదిలో ఉన్న సమీనా లాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు. మెదడు సంకేతాలను మెషీన్ లెర్నింగ్‌తో చదవడం మీద ఆమె పరిశోధన. తీగల టోపీ పెట్టి ప్రశ్న అడిగితే, ఆయన మనసులో అనుకున్నది అవునో కాదో మిషను పట్టుకోవాలి. ముందు, జవాబు తెలిసిన ప్రశ్నలతో దానికి నేర్పాలి. అందుకని నలభై ప్రశ్నలకు జవాబులు గౌరీశ్వరి చేతే రాయించింది. మూడు వారాలైనా ఆయన సంకేతాలకూ ఆ జవాబులకూ లెక్క కుదరలేదు. ఇవాళ కూడా కుదరకపోతే ప్రయోగం ఆపేయాలి.

"ఆంటీ, ఒక చిత్రం," అంది సమీనా. "పేరు, ఊరు, ఉద్యోగం అడిగితే అన్నీ సరిపోతున్నాయి. ఇష్టాల దగ్గరే మీ కాగితంతో పేచీ. చేపల పులుసుకు మీరు అవునని రాశారు. అడిగిన ఎనిమిదిసార్లూ అంకుల్ కాదనే అన్నట్టుంది."

"ముప్పై ఏళ్లు తిన్నారమ్మా!"

"నువ్వెట్టావు, తిన్నాడు," నవ్వాడు వెంకటేష్. "వద్దనడానికి బావకి పేణం మీద ఆశ లేదేటి?"

గౌరీశ్వరి నవ్వలేదు. కాగితం తీసి చూసుకుంది. ఆయన ఇష్టాలన్నీ తన చేతిరాతలో ఉన్నాయి.

ఆ ఇష్టాల ప్రశ్నలు తీసేసి సమీనా మిషనుకు మళ్లీ నేర్పింది. తెలిసిన సంగతులే కొత్తగా అడిగి చూసింది. ఒక్కటీ తప్పలేదు.

గౌరీశ్వరి మంచం పక్కకు జరిగింది. "ఏవండీ, పెందుర్తి ఎల్లడం మీకు ఇష్టవేనా?"

తెర మీద 'కాదు' అని వచ్చింది.

"మిషను తప్పేమో! తిప్పి అడగక్కా."

"ఈ ఇంట్లోనే ఉంటారా?"

'అవును.'

మూడోసారి అడిగినా అదే.

"బండి వద్దని సెప్పేయ్‌రా," అంది గౌరీశ్వరి.

"ఎందుకొద్దంటన్నాడో తెలీకుండానేటి?"

"అదీ ఆయన్నే అడుగుతాను. ఒక్కో పెశ్నా, ఎన్నాళ్లయినా." ఆమె చేతిలోని కాగితం మడిచేసింది. "ఈ మిషను మొన్న వచ్చిందిరా. నాను రెండేళ్లుగా పక్కనే ఉండి ఒక్క మాటా అడగలేదు. అన్నీ నానే సెప్పేసాను."

మాట పోయిన మనిషికి ఇష్టాయిష్టాలు పోవు. ఎంత ప్రేమ ఉన్నా సరే, ఆ మనిషి తరఫున జవాబు చెప్పే ముందు ఆ మనిషినే అడగాలి.